బరువు తగ్గట్లేదని జిమ్ మానేయాలా?

ప్రశ్న: నా వయసు 26, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్. లావయ్యావని ఫంక్షన్లలో అందరూ అంటుంటే ఫొటోలు దిగడం కూడా మానేశా, మనసంతా డల్‌గా ఉంటోంది. 2 నెలల నుంచి జిమ్‌కి వెళ్తున్నా కిలో కూడా తగ్గలేదు. నిద్ర మాత్రం కాస్త బాగా పడుతోంది. ఇక మానేద్దామా డాక్టర్ గారూ?

జవాబు: మానొద్దమ్మా. చివర్లో ఏదో మాటవరసకి రాసిన ఆ నిద్ర సంగతే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది, ఎందుకంటే వ్యాయామం పనిచేస్తోందని చాలామందికి ముందు తెలిసేది నిద్రలో, మూడ్‌లో, బరువు చూసుకునే మెషీన్ మీద కాదు. బరువు తగ్గడమనేది ఎక్కువగా తిండిని బట్టి ఉంటుంది, పైగా వెయిట్స్ చేస్తుంటే కండ కాస్త పెరిగి కొవ్వు కాస్త తగ్గి నంబర్ అక్కడే ఆగిపోవచ్చు కూడా. టేపుతో నడుము కొలుచుకుంటూ ఉండండి, మన ఆడవాళ్లకి 80 సెంటీమీటర్ల లోపు ఉంటే మంచిది.

ఒక్క అరగంట చురుగ్గా నడిచొచ్చినా మనసు తేలికపడుతుంది, అది ఉత్త భ్రమేం కాదు, ఒంట్లో ఎండార్ఫిన్లు, ఎండోకన్నాబినాయిడ్లు లాంటి హాయినిచ్చే రసాయనాలు పెరుగుతాయి. రెగ్యులర్‌గా చేస్తే స్ట్రెస్ తట్టుకునే శక్తి కూడా వస్తుంది, అందుకే ఓ మోస్తరు డిప్రెషన్‌కి చికిత్సలో భాగంగా వ్యాయామం కూడా రాస్తాం.

ఇక మీ ఒంటి మీద మీకున్న అభిప్రాయం, అది బరువు తగ్గకపోయినా మారుతుందమ్మా, పరిశోధనల్లో కూడా ఇదే కనిపించింది. మొదట్లో 2 అంతస్తులు ఎక్కితే ఆయాసపడే మనిషి ఇప్పుడు ఆగకుండా ఎక్కేస్తే, ఈ ఒళ్లు ఎలా కనిపిస్తోంది అన్న దిగులు పక్కకెళ్లి, ఇది నాకు ఇంత పని చేసిపెడుతోందా అన్న నమ్మకం వస్తుంది. కానీ అందం కోసమే, ఎవరో అన్నారనే చేసేవాళ్లకి ఈ లాభం తక్కువ. అందుకే ఫోన్లో బరువు రాసుకోవడం ఆపేసి ఎంతసేపు నడిచారో, ఎన్ని స్క్వాట్స్ చేశారో రాసుకోండి. జిమ్‌లో చుట్టూ అద్దాలు ఇబ్బంది పెడుతుంటే కేబీఆర్ పార్కుకో, ఇంటి దగ్గర గ్రౌండ్‌కో వెళ్లండి, డాన్స్ ఇష్టమైతే అదే చేయండి.

వారానికి కనీసం 150 నిమిషాలు చాలు, మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత వేగం ఉండాలి, 2 రోజులు కండరాల వ్యాయామం కలపండి. ఒకసారి థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 టెస్టులు చేయించండి, పీరియడ్స్ సరిగ్గా రాకపోతే పీసీఓఎస్ (ఆడవాళ్లలో హార్మోన్ల తేడాతో వచ్చే సమస్య) ఉందేమో గైనకాలజిస్ట్‌కి చూపించండి, వీటివల్ల కూడా నీరసం, దిగులు, బరువు ఉంటాయి.

ఇది చదివే అమ్మానాన్నలూ, అత్తయ్యలూ, పిల్ల ఎదురుపడగానే లావు గురించి ఎత్తకండి, దయచేసి. ఆ మాటతో ఎవరూ సన్నబడరు, తిండి దాచుకుని తినడం, నలుగురిలోకి రావడం మానేయడం మాత్రం మొదలవుతాయి.

ఒక్కరోజు జిమ్ మిస్సయితే తప్పు చేసినట్టు అనిపించినా, తిండి మరీ తగ్గించేస్తున్నా వెంటనే డాక్టర్‌తో మాట్లాడండి. దిగులు 2 వారాలు దాటి రోజూ ఉంటూ దేని మీదా ఆసక్తి లేకపోతే వ్యాయామం ఒక్కటే సరిపోదు, సైకియాట్రిస్ట్‌ని కలవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఇంట్లో ఎవరికైనా అప్పుడే చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, 24 గంటలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.