రెండు సెక్షన్లు, పుల్ల గుచ్చిన బంతి

చి. చిన్నీకి, పెద్దమ్మ ఆశీస్సులు.

తొమ్మిదో తరగతి రెండు సెక్షన్లకూ జాగ్రఫీ రెండు రకాలుగా చెప్పి, ఏది మెరుగో తేలుస్తావట. మీ అమ్మ చెప్పినప్పట్నుంచి ఒకటే సంతోషం, ఒకటే టెన్షన్.

ముందే చిన్న పరీక్ష పెట్టి ఎవరికెంత వచ్చో చూసుకో. చివరి పీరియడ్ ఎప్పుడూ ఒకే సెక్షన్‌కు పడనివ్వకు. ఇవి నీకు తెలిసినవే.

నీ వయసులో నేనూ ఈ పని చేశాను. పాఠం రుతువులు. ఒక సెక్షన్‌కు బోర్డు మీద బొమ్మ వేసి, భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉంటుందని నోట్స్ రాయించాను. రెండో సెక్షన్‌కు చీకటి గదిలో బల్బు వెలిగించి, పుల్ల గుచ్చిన బంతులిచ్చి, వేసవి ఎందుకొస్తుందో మీరే కనుక్కోమన్నాను. వారం తిరక్కుండా పరీక్ష. వంపు ఎన్ని డిగ్రీలు? ఉత్తరార్ధగోళంలో పగలు బాగా పొడవుగా ఉండేది ఏ నెలలో? అన్నీ ఇలాంటివే. సహజంగానే నోట్స్ సెక్షన్‌కు మార్కులొచ్చాయి. రెండో సెక్షన్‌ను "ఆడుకున్నారు తప్ప నేర్చుకోలేదు" అని అందరి ముందూ అనేశాను.

రెండు నెలల తర్వాత రెండు చోట్లా ఒకే ప్రశ్న వేశాను. భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జులైలో 15.2 కోట్లు. మరి ఉత్తరార్ధగోళంలో జనవరిలో చలేమిటి? నోట్స్ సెక్షన్‌లో ఒక్కరూ నోరు విప్పలేదు. రెండో సెక్షన్‌లో వెనక బెంచీ పిల్ల లేచి, పిడికిలి బిగించి చూపుడువేలు కాస్త వంచి పైకి పెట్టి, నన్ను సూర్యుడనుకుని నా చుట్టూ తిరిగింది. ఎటు తిరిగినా ఆ వేలు కిటికీ వైపే వంగి ఉంది. "ఇక్కడ మీ వైపు వంగింది టీచర్, ఎండాకాలం. అటు వెళ్తే మీకు దూరంగా వంగుతుంది, చలికాలం." మొదటి పరీక్షలో ఆ పిల్లకు నేనిచ్చిన మార్కులు పదికి మూడు.

అలాగని బంతులిచ్చి వదిలేయకు. కొందరు పుల్లను ప్రతిచోటా బల్బు వైపే వంచారు, నేను చూసుకోలేదు. చివర్లో నువ్వు నిలబడి విడమరిచి చెప్పాల్సిందే. మ్యాపు స్కేలు లాంటివైతే మొదటే చెప్పెయ్, వెతికించకు.

నెల తర్వాత ఇంకో పరీక్ష పెట్టు, "ఎందుకు" అనే ప్రశ్నలతో. ఏ సెక్షన్ వెనకబడిందో పిల్లల ముందు మాత్రం అనకు తల్లీ, నా మీద ఒట్టు. రాత్రంతా మేలుకుని పేపర్లు దిద్దకు. ప్రశ్నపత్రం తయారయ్యాక నాకు ఫోన్లో చదివి వినిపించు.

మీ పెద్దమ్మ