మళ్లీ బ్యాటరీ కొనేముందు

అల్లుడూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్లో చెప్పింది విన్నాక నాకు నిద్ర పట్టలేదంటే అబద్ధం, శుభ్రంగా పడుకున్నాను. పొద్దున్న కాఫీ తాగుతుంటే మాత్రం మనసు అక్కడికే పోయింది. ఎనిమిది నెలల్లో నీ కారుకి రెండు బ్యాటరీలు, అయినా మళ్లీ డౌన్! "ఏటి మావయ్యా, కొత్త బ్యాటరీకే ఇలాగైతే ఏటి చెయ్యాలి" అన్నావు. ఇప్పుడు ఆ ఎలక్ట్రీషియన్ ఆల్టర్నేటర్ (ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీకి చార్జింగ్ ఎక్కించేది) కూడా మార్చేయమంటున్నాడు. ఫోన్లో చెబితే "సరే మావయ్యా" అనేసి మర్చిపోతావు, అందుకని రాస్తున్నాను.

మీ ఇంటి మీద నీళ్ల ట్యాంకు ఉంది కదా. బ్యాటరీ ఆ ట్యాంకు, ఆల్టర్నేటర్ కింద మోటారు, వైర్లు పైపులు. మోటారు ఎక్కించకపోయినా, పైపు పూడుకుపోయినా, ఎక్కడో కుళాయి కారుతున్నా ఖాళీ అయ్యేది ట్యాంకే. నువ్వేమో ట్యాంకు మారుస్తూ కూర్చున్నావు.

ముందు ఒక డిజిటల్ మల్టీమీటర్ కొనుక్కో. నాలుగైదు వందల్లో వస్తుంది. రాత్రి బండి ఆపేసి, పొద్దున్న సెల్ఫ్ కొట్టకముందే బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద పెట్టి చూడు. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కన్నా దిగిందంటే దాదాపు అడుగంటినట్టే. తర్వాత బండి స్టార్ట్ చేసి, కొంచెం రేస్ ఇచ్చి అక్కడే మళ్లీ చూడు. 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, బ్లోవర్ వేశాక కూడా 13.5 కిందకి దిగకూడదు. స్టార్ట్ చేసినా 12 దగ్గరే ఉండిపోతే చార్జింగ్ లేదు. 15 దాటితే ఎక్కువవుతోంది, అంటే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయింది. అప్పుడు బ్యాటరీలో నీళ్లు తొందరగా తగ్గిపోతాయి, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఆ వాసన వస్తే దగ్గర్లో అగ్గిపుల్ల గీయకు.

తాళం తిప్పగానే మీటర్ బోర్డులో ఎర్ర బ్యాటరీ లైటు వెలగాలి, స్టార్ట్ అవగానే ఆరిపోవాలి. వెలగకపోతే బాగుందనుకునేవు! మన పాత బండ్లలో ఆ బల్బు గుండా పోయే కరెంటుతోనే ఆల్టర్నేటర్ పని మొదలెడుతుంది. పది రూపాయల బల్బు మాడిపోతే చార్జింగే ఎత్తుకోకపోవచ్చు. బండి నడుస్తుండగా మసక మసగ్గా వెలుగుతోందంటే మాత్రం ఆల్టర్నేటర్ లోపల డయోడ్ (కరెంటుని ఒకే వైపు పోనిచ్చేది) మీద అనుమానపడాలి.

ఆల్టర్నేటర్‌ని తిప్పే బెల్టు సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. బండి ఆపి రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కు, సుమారు సెంటీమీటరు దిగితే చాలు. వానాకాలం పొద్దున్నే కీచుమంటే వదులైనట్టు.

అసలు చెప్పాల్సింది ఎర్త్ గురించి, అంటే కరెంటు ఇంజన్, బాడీ మీదుగా బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారి. మనది సముద్రం పక్క ఊరు. నువ్వు ఎంవీపీ కాలనీలో బండిని రాత్రంతా ఆరుబయట పెడతావు, ఉప్పుగాలి దాన్ని తింటూనే ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టిపోయాక కొన్నాళ్లకి నా ఎస్టీమ్‌కి కూడా నీ బండికి పట్టిన రోగమే పట్టింది. షిప్‌యార్డులో ముప్పై ఏళ్లు కరెంటు పని చేసినవాణ్ణి, నేనూ ఒక షాపువాడి మాట విని ఆల్టర్నేటర్ మార్చాను. వారానికి మళ్లీ మొదటికొచ్చింది. ఒకరోజు బానెట్ ఎత్తి చూస్తుంటే చెయ్యి యాక్సిలరేటర్ కేబులుకి తగిలింది, చురుక్కుమంది! యాక్సిలరేటర్ కేబులుకి వేడేమిటి? ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ లోపల పచ్చగా చిలుం పట్టి, రెండు మూడు పోగుల మీద వేలాడుతోంది. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా కరెంటు దారిలేక ఆ కేబుల్ పట్టుకుని వెళుతోందన్నమాట. పైన రబ్బరు తొడుగు మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతోంది. ఆ పట్టీకి నేను పెట్టిన ఖర్చు ఆల్టర్నేటర్ ఖర్చులో ఇరవయ్యో వంతు కూడా లేదు.

కాబట్టి కంటిని నమ్మకు. బండి స్టార్ట్ చేసి హెడ్‌లైట్లు, బ్లోవర్ వెయ్యి. మీటర్ నల్ల పుల్ల బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర పుల్ల ఇంజన్ మీద పెయింటు లేని చోట ఆనించు. 0.2 వోల్టులకి మించితే దారిలో ఎక్కడో తుప్పుంది. అలాగే ఆల్టర్నేటర్ వెనక లావు వైరు బోల్టుకీ బ్యాటరీ ప్లస్‌కీ మధ్య కూడా చూడు, అక్కడ కూడా అర వోల్టు పోతోందంటే తప్పే. బెల్టుకి, ఫ్యానుకి చెయ్యి, చొక్కా అంచు తగలకుండా చూసుకో. తేడా కనిపిస్తే బండి ఆపి, మైనస్ ముందు విప్పి, ఆ జాయింట్లన్నీ గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించి, పైన వాజెలిన్ రాయి. టెర్మినళ్ల మీద తెల్లటి పొంగు ఉంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి పోస్తే కరిగిపోతుంది, బ్యాటరీ మూతల్లోకి మాత్రం పోనివ్వకు.

ఇవన్నీ బాగుండి కూడా రెండు రోజులు బండి తియ్యకపోతే డౌన్ అవుతోందంటే ఎక్కడో కారుతోంది. తాళం తీసేసి, తలుపులన్నీ వేసి, మైనస్ వైరు విప్పి, మీటర్‌ని 10 యాంపుల మీద పెట్టి ఆ వైరుకీ టెర్మినల్‌కీ మధ్య కలుపు. 50 మిల్లీ యాంపులకి మించకూడదు. మీటర్ అలా ఉండగా పొరపాటున కూడా తాళం తిప్పకు, మీటర్ ఫ్యూజు పోతుంది. ఒక్కో ఫ్యూజు పీకుతూ పోతే ఏది పీకినప్పుడు అంకె పడిపోతుందో దొంగ అక్కడున్నట్టు. ఏ ఫ్యూజుకీ పడకపోతే ఆల్టర్నేటర్ లావు వైరు విప్పి చూడు, డయోడ్ గుండా కూడా కారుతుంది. నీ బ్యాటరీ 35 యాంపియర్-అవర్లది. అర యాంపు కారితే చాలు, మూడు రోజుల్లో ఖాళీ. నువ్వు పెట్టించిన ఆ కొత్త స్టీరియో మీదే నా అనుమానం.

ఇంకోటి. బండి నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి "ఆగిపోతే ఆల్టర్నేటర్ పోయినట్టు" అని పరీక్ష చేసేవాళ్లుంటారు. నీ బండి దగ్గర ఎవరినీ అలా చెయ్యనివ్వకు. వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి మంచి డయోడ్లూ మాడిపోతాయి.

నిజంగా ఆల్టర్నేటరే అని తేలినా మొత్తం మార్చక్కర్లేదు. చాలాసార్లు అరిగేది కార్బన్ బ్రష్‌లే. గాజువాక ఆటోనగర్‌లో విప్పి బ్రష్‌లు, బేరింగులు, రెగ్యులేటర్ వేసిచ్చేవాళ్లున్నారు. పాత సామాన్లు నీ చేతికిమ్మని అడిగి తీసుకో.

ఆదివారం లోపల నాలుగు అంకెలు కాగితం మీద రాసి ఫొటో పంపు: పొద్దున్న వోల్టేజీ, బండి నడుస్తుండగా వోల్టేజీ, ఎర్త్ దగ్గర తేడా, రాత్రి కారుడు. అవి చూసేదాకా ఆ ఎలక్ట్రీషియన్‌కి అడ్వాన్సు ఇవ్వకు.

మీ మావయ్య