ఆగిపోయిన బస్సు రూటు ఇంకా ఎందుకు గుర్తుంటుంది?

ఎప్పుడో రద్దయిన సిటీ బస్సు నంబరు, దాని స్టాపుల వరస చాలామంది ఇప్పటికీ తడుముకోకుండా చెప్పేస్తారు. అదెలా అన్నదే కదా మీ ప్రశ్న.

రోజుకు రెండుసార్లు, ఏళ్ల తరబడి అదే దారి. ఒక్కో స్టాపు తర్వాతి స్టాపుని లాక్కొస్తుంది. అందుకే మధ్యలోంచి అడిగితే తడబడేవాళ్లు, మొదటి నుంచి అయితే ఎక్కాల్లా అప్పజెబుతారు. పైగా అవి ఉత్త పేర్లు కావు. మలుపు రాగానే కడ్డీ గట్టిగా పట్టుకోవడం, కిటికీ అద్దం గడగడలాడటం, స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక సీటు ఎగిరిపడటం... అది ఒళ్లంతా కలిసి నేర్చుకున్న దారి.

లండన్‌లో మెదడు శాస్త్రవేత్త ఎలియనార్ మగ్వైర్, ఆమె సహచరులు 2006లో ట్యాక్సీ, బస్సు డ్రైవర్ల మెదళ్లను పోల్చి చూశారు. మెదడులో దారులు, చోట్లు గుర్తుపెట్టుకోవడానికి తోడ్పడే హిప్పోక్యాంపస్ వెనకభాగం ట్యాక్సీ డ్రైవర్లలోనే పెద్దగా ఉంది. నగరం మొత్తం తెలియడం వేరు, ఒకే దారి అలవాటవడం వేరు అని నాకు దీన్నిబట్టి అనిపిస్తుంది.

రూట్లు పోవడానికి కారణాలు మామూలువే: మెట్రో రావడం, రోడ్డు వన్‌వే కావడం, పొడవాటి రూటుని రెండు ముక్కలు చేయడం. పాత నంబరు కొత్త దారికి ఇచ్చినప్పుడే అసలు చిక్కు. ఒకే నంబరు మీద ఇద్దరు వాదించుకుంటారు, ఇద్దరూ నిజమే చెబుతుంటారు! కాబట్టి పాత రూటు రాసిపెట్టేటప్పుడు ఏ ఏళ్లలో ఎక్కారో, ఏ స్టాపులో దిగేవారో తప్పకుండా రాయండి.