ముఖం బిగుతు, పొట్టు: కారణం ఒంటి సబ్బే

ముఖం బిగుసుకుపోయి పొట్టు రేగుతోంది, ఎందుకని విశాఖ నుంచి అడిగారు. మీది జిడ్డు చర్మమని, ముఖాన్ని రోజుకి ఐదుసార్లు ఒంటి సబ్బుతో కడుగుతున్నానని అన్నారు, చాలావరకు కారణం అదే. మామూలు సబ్బు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 9-10 ఉంటుంది, ముఖ చర్మానిది 5 దగ్గర. అన్నిసార్లు రుద్దితే చర్మాన్ని కాపాడే పైపొర దెబ్బతింటుంది. బిగుతు, పొట్టు, మంట అందుకే.

1. సబ్బు ఆపేయండి. సువాసన లేని సున్నితమైన క్లెన్సర్, ఉదయం, రాత్రి చాలు.

2. మధ్యలో చెమట పడితే ఉత్తి నీళ్లే. బీచ్ రోడ్డులో నడిచొచ్చినా అంతే.

3. ఎక్కువమంది వదిలేసేది ఇది: టవల్‌తో రుద్దకుండా అద్ది, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాయాలి. విశాఖ ఉక్కపోతలో ఇదెందుకు అనుకోకండి. గాలిలో తేమ ఎంతున్నా, పొర దెబ్బతిన్న చర్మం నీటిని పట్టి ఉంచలేదు. మీది జిడ్డు చర్మం కాబట్టి జెల్ రకం తీసుకోండి.

కొన్ని వారాల్లో తగ్గకపోయినా, రసి కారినా కేజీహెచ్ (విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి) చర్మవ్యాధుల ఓపీలో చూపించండి.