స్లో కుక్కర్లో సాసేజ్, ఆకుకూర, ఆఖర్న ఆవ

విజయనగరం

చిట్టీ,

మేనత్త ఆశీస్సులు. పొద్దున్న ఎనిమిదిన్నరకి తాళం వేస్తే సాయంత్రం ఆరున్నరకి గానీ ఇంటికి చేరలేకపోతున్నామనీ, సాసేజ్, ఆకుకూర కలిపి స్లో కుక్కర్లో పడేసి వెళ్తే రాత్రికి కూర అయిపోతుందా అనీ అడిగావు కదా. అవుతుంది, కరెంటు మీద గంటల తరబడి నెమ్మదిగా ఉడికించే గిన్నే కదా అది. అయితే అన్నీ పొద్దున్నే పడేశావంటే సాయంత్రం మూత తీసేసరికి ఖాకీ రంగు నీళ్ళలో రబ్బరు ముక్కలు తేలుతుంటాయి. పొద్దున్న దుంపలు, సాయంత్రం సాసేజ్, ఆ తర్వాత ఆకు, కట్టేశాక ఆవ. ఈ వరస తప్పకపోతే చాలు, మిగతావి నీ చేతివాటం.

ముందు ఆ కుక్కర్ బోర్లించి అడుగున ఏం రాసుందో చదువు. అమెరికా నుంచి ఎవరైనా తెచ్చిచ్చినదైతే 120 వోల్టులని ఉంటుంది. మన ప్లగ్గులో వచ్చేది 230. తిన్నగా పెట్టావంటే అది లాగే వాట్లు మూడున్నర రెట్లు దాటిపోయి లోపలి తీగ మాడిపోతుంది. 230ని 120కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా దాని జోలికి పోకు. 230దే అయితే బెంగలేదు. 200 వాట్లది ఏడు గంటలు నడిచినా యూనిట్టున్నర లోపే కాలుతుంది.

ఈ కుక్కర్ గురించి గుర్తుంచుకోవలసినవి రెండే. ఒకటి, ఆవిరి బయటికి పోదు. మూతకి తగిలి మళ్ళీ నీరై గిన్నెలోకే కారుతుంది. పొయ్యి మీద కూరకి పోసినన్ని నీళ్ళు ఇక్కడ పోస్తే అది కూరా కాదు, పులుసూ కాదు. రెండు, లోపలి వేడి, నీళ్ళు మరిగే మట్టం దాటదు కాబట్టి ఏదీ వేగదు, ఎర్రబడదు. ఉల్లిపాయలు పచ్చివే వేస్తే పది గంటలైనా వేగిన రుచి రాదు. వేపుడు రుచి కావాలంటే కళాయిలో తెచ్చుకోవలసిందే. ‘హై’ అంటే ఎక్కువ మంట అనుకుంటారు చాలామంది. చివరికి చేరే వేడి ‘లో’, ‘హై’ రెండింటిదీ ఇంచుమించు ఒకటే, ‘హై’ తొందరగా చేరుతుంది, అంతే.

ఇక కొలతలు. మూడు లీటర్ల కుక్కర్‌కి చెబుతున్నాను. మీ ఇద్దరికీ రాత్రికీ, మర్నాటి డబ్బాలకీ సరిపోతుంది. గిన్నె సగానికి తగ్గకూడదు, మూడింట రెండొంతులు దాటకూడదు. తక్కువైతే అంచులు మాడతాయి, ఎక్కువైతే నడిమధ్య ఉడకదు.

బంగాళాదుంపలు అరకిలో, క్యారెట్ 200 గ్రాములు, తోటకూర కాడలు 200 గ్రాములు, పెద్ద ఉల్లిపాయలు రెండు, వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు, పచ్చిమిర్చి నాలుగు. కాడలకి పీచు తీసి వేలెడు ముక్కలు చెయ్యి. ఉల్లి, వెల్లుల్లి, మిర్చి రెండు చెంచాల నూనెలో అంచులు ఎర్రబడేదాకా వేయించి, అర చెంచా పసుపు, చెంచా కారం, రెండు చెంచాల ధనియాల పొడి వేసి ఒక్కసారి తిప్పి దించెయ్. ఈ పని రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, కానీ పింగాణీ గిన్నెలో వేసి మాత్రం పెట్టకు. చల్లటి గిన్నెకి వేడి తగిలితే జుయ్యిమని బీట ఇస్తుంది. దాన్ని గ్యాసు పొయ్యి మీదికి ఎక్కించకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

దుంపలు అడుక్కీ, పక్కలకీ సర్దు. వేడి వచ్చేది అక్కణ్ణుంచే. మాంసం కన్నా దుంపే ఆలస్యంగా ఉడుకుతుంది ఇందులో, చాలామందికి ఇది వింతగా ఉంటుంది. ముక్క సైజు నీ కుక్కర్‌ని బట్టి. టైమర్ ఉన్నదైతే రెండు సెంటీమీటర్ల ముక్కలు చేసి ‘లో’ మీద ఏడు గంటలు పెట్టు, ఆ తర్వాత అదే, వేడిగా మాత్రం ఉంచే ‘వార్మ్’లోకి మారుతుంది. మీట తిప్పేది మాత్రమే ఉంటే పది గంటలూ ఉడుకుతూనే ఉంటుంది కనక దుంపని రెండు చెక్కలు చేసి ఊరుకో. పైన వేయించిన ఉల్లి పరిచి, మరిగిన నీళ్ళు పావు లీటరు పొయ్యి. చన్నీళ్ళు పోస్తే గిన్నె వేడెక్కడం ఇంకా ఆలస్యమవుతుంది. ఉప్పు ఇప్పుడు అర చెంచా చాలు, ఎందుకో చెబుతాను. చింతపండు, టమాటా ఇప్పుడు వెయ్యకు. పులుపు తగిలితే దుంప బిరుసెక్కి ఎంతకీ మెత్తబడదు.

దుంపలకి బదులు రాజ్మా వేద్దామనిపిస్తే ఒక్క జాగ్రత్త. ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, పొయ్యి మీద సలసల కాగే నీళ్ళలో కనీసం 10 నిమిషాలు ఉడికించాకే ఇందులో వెయ్యాలి. ఆ గింజలో కడుపు తిప్పే విషపదార్థం ఒకటుంది. అది మరుగుకే చస్తుంది, స్లో కుక్కర్ నెమ్మది వేడికి చావదు.

సాసేజ్ సంగతి. ఫ్రీజర్‌ పెట్టెలో దొరికే చికెన్ సాసేజ్ ఎక్కువగా ముందే ఉడికించి ప్యాక్ చేసినదే ఉంటుంది. అట్ట మీద ఉడికించినదో పచ్చిదో రాస్తారు, చూసి కొను. ప్యాకెట్ పట్టుకుంటే ముక్కలు విడివిడిగా కదలాలి. అన్నీ ఒకే గడ్డయి, లోపల మంచు పలుకులు కనిపిస్తే ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టిందన్నమాట, వదిలెయ్. 300 గ్రాములు చాలు. రాత్రే ఫ్రీజర్ నుంచి కింద అరలోకి మార్చు, సాయంత్రానికి కరిగి ఉంటుంది. గడ్డకట్టినదాన్ని తిన్నగా కుక్కర్లో ఎప్పుడూ వెయ్యకు. గిన్నె మొత్తం చల్లబడి గంటల తరబడి గోరువెచ్చగానే ఉండిపోతుంది, పాడవడానికి అంతకన్నా ఏం కావాలి.

ప్యాకెట్ వెనక సోడియం ఎంతో చూడు. 100 గ్రాములకి 800 మిల్లీగ్రాములు అని ఉందంటే అది రెండు గ్రాముల ఉప్పుతో సమానం. 300 గ్రాముల సాసేజ్‌తో చెంచాడు ఉప్పు ఎలాగూ కూరలోకి దిగుతుంది. పొద్దున్న అర చెంచాతో ఆగమన్నది అందుకే.

ఉడికిన సాసేజ్‌ని పొద్దున్నే వేస్తే తొడుగు చిట్లి, కొవ్వంతా కారి, లోపల స్పాంజిలా అయిపోతుంది. కాబట్టి ఇంటికొచ్చి చెప్పులు విప్పగానే కుక్కర్ ‘హై’కి తిప్పు, అన్నం పొయ్యి మీద పడెయ్, కళాయి పెట్టు. కొన్నిటికి పైన ప్లాస్టిక్ లాంటి తొడుగు ఉంటుంది, అది ఒలిచెయ్. చెంచా నూనెలో, మధ్యరకం మంట మీద, ఐదారు నిమిషాలు దొర్లిస్తూ నాలుగు వైపులా గోధుమ చారలు రానీ. ఫోర్కుతో పొడవకు, రసం పోతుంది. దించాక ఏటవాలుగా రెండు సెంటీమీటర్ల ముక్కలు కోసి కుక్కర్లో వేసి వెంటనే మూత పెట్టు. ఊరికే మూత తీసి చూసే అలవాటు మానుకో, తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. కళాయి అడుగున ఎర్రగా అంటుకున్న గసి ఉంటుందే, అసలు రుచి అదే. రెండు గరిటెల నీళ్ళు పోసి గీకి అదీ కుక్కర్లోకే వంచు. అరగంట ఉడకనీ.

పచ్చి సాసేజ్ అయితే లెక్క వేరు. దాన్ని పొద్దున్నే కళాయిలో చారలు తెప్పించి దుంపల మీద పరిచి వెళ్ళాలి. తినేముందు నడిమధ్య వేడి చికెన్‌దైతే 74 డిగ్రీలు, పోర్క్‌దైతే 71 చేరాలి. గుచ్చి చూసే థర్మామీటరు ఒకటి కొనుక్కో, ఇంకో పనికి కూడా వస్తుంది, కింద రాస్తాను.

ఆకుకూర దగ్గరే అందరూ చెడగొడతారు. ఆకులో పచ్చదనం వేడికీ పులుపుకీ ఆగదు. మూత కింద ఉడికితే ఆకులోంచి వచ్చే పులుపు ఆవిరి బయటికి పోలేక ఆ రంగునే తినేస్తుంది. వంటసోడా చిటికెడు వేస్తే పచ్చగా ఉంటుందంటారు. ఉంటుంది, కానీ ఆకు పేస్టయిపోతుంది, విటమిన్లు పోతాయి. అందుకని ఆకుని కుక్కర్లో ఉడికించనే వద్దు. సాసేజ్ వేగిన ఆ కళాయిలోనే, మూత లేకుండా, పెద్ద మంట మీద వేసి రెండు మూడు నిమిషాలు తిప్పితే ముడుచుకుని గుప్పెడవుతుంది. అప్పుడు కుక్కర్లో కలిపి ఐదు నిమిషాలుంచితే చాలు. పావుకిలో ఆకు చూసి భయపడకు, ఏమీ మిగలదు.

ఏ ఆకు అంటావా. కాడలు కొన్నావు కాబట్టి ఆ తోటకూర ఆకే మొదటి మాట. పాలకూర నీరు వదులుతుంది, వాడితే పొద్దున్న నీళ్ళు ఒక గరిటె తగ్గించు. బచ్చలి రుచిగానే ఉంటుంది గానీ ఎక్కువసేపు ఉడికితే జిగురు సాగుతుంది, కళాయిలో నిమిషం మించనివ్వకు. గోంగూర వేస్తే చింతపండు మానెయ్యి. వానల్లో రైతుబజారు ఆకుకి ఇసుక ఎక్కువ, వెడల్పు గిన్నెలో మూడు నీళ్ళు కడుగు. ఆకుని పైకి తియ్యాలి, నీళ్ళు వంచితే ఇసుక మళ్ళీ ఆకు మీదికే వస్తుంది. బీన్స్ కావాలంటే 150 గ్రాములు, విడిగా ఉప్పునీళ్ళలో ఐదు నిమిషాలు మూత లేకుండా ఉడికించి ఆకుతోపాటు కలుపు.

ఇక ఆవ. పనసపొట్టుకీ, కంద బచ్చలికీ పెట్టినట్టే దీనికీ పెట్టొచ్చు. దొరలు కూడా సాసేజ్ పక్కన ఆవముద్దే పెట్టుకు తింటారు, కాబట్టి మనమేమీ వింత చెయ్యడం లేదు. చెంచా ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, చిటికెడు ఉప్పు, చన్నీళ్ళలో పావుగంట నానబెట్టి మెత్తగా నూరు. ఆవ ఘాటు పుట్టేది చన్నీళ్ళలోనే, చచ్చేది వేడిలో. కుక్కర్ కట్టేసి, మూత తీసి, ఐదు నిమిషాలాగి పొగలు తగ్గాక కలుపు. ముక్కుకి తగిలిందా, సరిగ్గా కుదిరినట్టు. చెంచా దాటితే చేదొస్తుంది. పులుపు కావాలంటే చెంచా చిక్కటి చింతపండు గుజ్జు, అదీ ఆవతోనే. ఆవ వద్దనుకున్న రోజు ఉద్దానం కొబ్బరికాయ పాలు ఒక గ్లాసు ఆఖర్న పోసుకో, అప్పుడు పులుపు వెయ్యకు, విరుగుతాయి. పలచగా ఉందనిపిస్తే పలాస జీడిపప్పు ముక్కలు పదిహేను నానబెట్టి నూరి కలిపితే చిక్కబడుతుంది.

ఆ థర్మామీటరు ఎందుకన్నానంటే, కరెంటు. ఎండాకాలం కోతలు, అక్టోబరు నవంబరుల్లో తుపాన్లు, మీ జిల్లా సంగతి నీకు తెలుసు. మీట కుక్కర్ కరెంటు రాగానే మళ్ళీ మొదలెడుతుంది, మధ్యలో ఎంతసేపు ఆగిందో నీకు చెప్పదు. బొత్తాలదైతే చాలావాటికి మళ్ళీ నొక్కితే గానీ కదలదు. ఇంటికి రాగానే, ‘హై’కి తిప్పకముందే గుచ్చి చూడు. 60 డిగ్రీలు దాటి ఉండాలి. తక్కువుంటే, ఎప్పుడు పోయిందో పక్కింటివాళ్ళని అడుగు. రెండు గంటలు దాటితే పారబొయ్యి. మళ్ళీ మరగబెడితే సరిపోతుందనుకోకు, కొన్ని క్రిములు వదిలే విషం మరిగినా పోదు. పొద్దున్న సాసేజ్ లేకుండా దుంపలే పెట్టి వెళ్ళమనడంలో ఇదీ ఒక లాభం, పారబోసినా పోయేది కాసిని దుంపలే. తుపాను హెచ్చరిక ఉన్న రోజు అసలు పెట్టకు.

మిగిలిన కూరని ఆ గిన్నెతోనే ఫ్రిజ్‌లో తోసెయ్యకు, వెడల్పు పళ్ళెంలోకి తీసి చల్లార్చి పెట్టు. ఎండాకాలంలో గంట లోపే. మర్నాడు పొయ్యి మీద పొగలు కక్కేలా వేడిచెయ్యి, స్లో కుక్కర్లో కాదు. ఆవ పెట్టినది మర్నాటికి ఘాటు తగ్గుతుంది, డబ్బాల్లోకి తీసేది ఆవ కలపకముందే పక్కకి తీసుకో.

కుదిరిన రోజు ఫోన్ చెయ్యి. కుదరకపోతే ముందు నీళ్ళు ఎన్ని పోశావో చెప్పు.

మీ మేనత్త