భాషా సందేహాలు: ఇటాలియన్‌లో ‘పోయిన’ వేరు, ‘పోతుంటి’ వేరు

ప్రశ్న: పై చదువుకు ఇటలీ వెళ్లేందుకు ఇటాలియన్ నేర్చుకుంటున్నాను. జరిగినదాన్ని చెప్పడానికి పస్సాతో ప్రొస్సిమో, ఇంపెర్ఫెత్తో అని రెండున్నాయి. ఇంగ్లిష్‌లో పెట్టి చూస్తే ఏది ఎక్కడ వాడాలో తేలడం లేదు. ‘నేను వెళ్లాను’కు ‘సోనో అందాతో’ అని రాస్తే అదీ తప్పన్నారు. ఎందుకు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఇంగ్లిష్‌ను మధ్యలోకి తేవడంతోనే సగం చిక్కు. ‘ఐ వెంట్’ అంటే నిన్న ఒకసారి వెళ్లినా సరే, చిన్నప్పుడు రోజూ వెళ్లినా సరే. ఇటాలియన్ అలా ఊరుకోదు. మన వరంగల్ మాటా ఊరుకోదు: ‘నిన్న కాజీపేటకు పోయిన’, ‘చిన్నప్పుడు రోజూ చెరువుకు పోతుంటి’. మొదటిది పస్సాతో ప్రొస్సిమో: ‘యేరి సోనో అందాతా అ కాజీపేట’. రెండోది ఇంపెర్ఫెత్తో: ‘ద బంబీనా అందావో అల్ లాగో ఓన్యి జోర్నో’.

రెండూ ఒకే వాక్యంలో పడితే తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. ‘నేను వంట చేస్తుంటే కరెంటు పోయింది’: ‘మెంత్రె కుచినావో, ఎ అందాతా వియా లా లూచె’. సాగుతున్న వంటకు ఇంపెర్ఫెత్తో, మధ్యలో జరిగిపోయినదానికి పస్సాతో ప్రొస్సిమో. మీ నోట సహజంగా ‘ఉండె’ వచ్చే చోట్ల చాలావరకు ఇంపెర్ఫెత్తోనే: వాన పడుతుండె ‘ప్యోవేవా’, జ్వరం ఉండె ‘అవేవో లా ఫెబ్బ్రె’, నాకు పదేండ్లుండె ‘అవేవో ద్యేచి ఆన్ని’.

ఈ కొలత ఒకచోట మోసం చేస్తుంది. ‘రాత్రి మూడింటిదాకా చదువుతనే ఉన్న’ అంటాం. పని ఎంతసేపు సాగినా, ఎక్కడ ఆగిందో చెప్పేశాం కాబట్టి ఇటాలియన్‌లో అది ముగిసిన లెక్క: ‘ఓ స్తుద్యాతో ఫీనో అల్లె త్రె’. ‘ఐదేళ్లపాటు’, ‘రెండు గంటలసేపు’ అని హద్దు పెట్టినా అంతే.

‘తెలియడం’ దగ్గర మాత్రం తెలుగువాళ్లకు పని సులువు. ‘సపేవో’ అంటే నాకు ముందే తెలుసు, ‘ఓ సపూతో’ అంటే నాకు తెలిసింది. ‘కొనొషేవో’ అంటే పరిచయం ఉండె, ‘ఓ కొనొషూతో’ అంటే పరిచయమైంది.

ఇక మీ ‘అందాతో’. పస్సాతో ప్రొస్సిమోకు రెండు ముక్కలు: ముందు అవేరె (కలిగి ఉండటం) గానీ ఎస్సెరె (ఉండటం) గానీ వర్తమాన రూపంలో (ఓ, ఆయ్, ఆ, అబ్బ్యామో, అవేతె, ఆన్నో, లేదా సోనో, సేయ్, ఎ, స్యామో, స్యేతె, సోనో), తర్వాత పార్టిసిపుల్, అంటే ‘తిన్న’, ‘పోయిన’ లాంటి రూపం. క్రియను ‘దేన్ని? ఎవర్ని?’ అని అడగండి. జవాబు వస్తే అవేరె: ‘ఓ మంజాతో’, తిన్నాను. రాకపోయినంత మాత్రాన ఎస్సెరె అనుకోవద్దు. రావడం, పోవడం, పుట్టడం, చావడం, ఉండిపోవడం, మారడం లాంటివాటికి, లేవడం, స్నానం చేయడం వంటి, చివర ‘సి’ (తనను తాను) చేరే క్రియలన్నిటికీ ఎస్సెరె. కదలిక అయితే చాలు ఎస్సెరె అని బట్టీపట్టినవాళ్లు నడక దగ్గర దొరికిపోతారు: ‘ఓ కమ్మినాతో’. ప్రయాణించడం, ఈదడం, నిద్రపోవడం కూడా అవేరెతోనే.

ఎస్సెరె వచ్చిందంటే పార్టిసిపుల్ కర్తను బట్టి మారుతుంది: మగవాడు అందాతో, ఆడమనిషి అందాతా, అందరూ ఆడవాళ్లే అయితే అందాతె, గుంపులో ఒక్క మగవాడున్నా అందాతి. తెలుగులో ‘వెళ్లాడు, వెళ్లింది’ అని తేడా చూపిస్తాం గానీ ‘నేను’ దగ్గర చూపించం. అందుకే అమ్మాయిలు తమ గురించి రాసేటప్పుడు ఎక్కువగా ఇక్కడే జారుతుంటారు. మీరు ‘సోనో అందాతా’ అనాలి. ‘నచ్చడం’ కూడా ఎస్సెరెతోనే, మన వాక్యంలాగే నచ్చిన వస్తువును బట్టి నడుస్తుంది: ఫొటోలు నచ్చాయి, ‘మి సోనో ప్యాచూతె లె ఫోతో’.

పార్టిసిపుల్ తయారీ: క్రియ చివరి -ఆరె పోయి -ఆతో, -ఎరె పోయి -ఊతో, -ఇరె పోయి -ఈతో. మధ్యదాంట్లోనే దారి తప్పేవి ఎక్కువ: లెత్తో (చదివిన), స్క్రిత్తో (రాసిన), ప్రేసో (తీసుకున్న), మెస్సో (పెట్టిన). ‘చేసిన’కు ‘ఫాత్తో’. ఒత్తు మింగేస్తే ‘ఫాతో’, అంటే తలరాత అవుతుంది.

ప్రశ్న: ‘మూడేళ్లుగా ఇటాలియన్ నేర్చుకుంటున్నాను’. ఇది ఏ భూతకాలం?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: ఏదీ కాదు, తెలుగులోలాగే వర్తమానం: ‘స్తూద్యో ఇతల్యానో ద త్రె ఆన్ని’. మానేసి ఉంటే ‘ఓ స్తుద్యాతో ఇతల్యానో పెర్ త్రె ఆన్ని’. ‘ద’, ‘పెర్’ తారుమారైతే ఇంకా చదువుతున్నారో మానేశారో వినేవాళ్లకు తెలియదు.

ప్రశ్న: పస్సాతో రెమోతో అనే మరో భూతకాలం కూడా నేర్చుకోవాలా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మాట్లాడటానికి ఇప్పుడే అక్కర్లేదు. మిలాన్, టూరిన్ వైపు మాటల్లో అది దాదాపు వినిపించదు. టస్కనీలో, దక్షిణాదిలో మాత్రం ఇంకా వాడుతున్నారు. కథలు, చరిత్ర పుస్తకాలు చదవాలంటే గుర్తుపట్టగలిగితే చాలు. కాకతీయుల రాజ్యం గురించి రాసిన ఆ వెనిస్ యాత్రికుడి గురించి ‘మార్కో పోలో మొరీ నెల్ 1324’ అని ఉంటుంది, 1324లో చనిపోయాడని. ‘ఫు’ (ఉండెను), ‘ఎబ్బె’ (కలిగి ఉండెను), ‘దిస్సె’ (చెప్పెను), ‘ఫేచె’ (చేసెను), ‘నాక్వె’ (పుట్టెను): ముందు ఈ ఐదూ గుర్తుపెట్టుకోండి. మిగతావి చదువుతూ ఉంటే తగులుతాయి.