చవక బఫే మనకు నిజంగా ఎంత పడుతోంది?

ప్రశ్న: మాది శాకాహార కుటుంబం. నేను, మావారు, ఇద్దరు పిల్లలు వారానికి రెండుసార్లు ఓ చవక వెజ్ చైనీస్ బఫేకి వెళ్తాం. ఎంత తిన్నా ఒకటే రేటు కాబట్టి ఇంట్లో వండుకోవడం కంటే ఇదే నయం అంటారాయన. క్రెడిట్ కార్డు బాకీ మాత్రం ఏ నెలా పూర్తిగా తీరడం లేదు. బఫే మానేయాలా?

జవాబు: మానేయక్కర్లేదు, తగ్గించాలి. మీవారు చూస్తున్నది బోర్డు మీది రేటు. మీరు చూడాల్సింది ఇంటికి తిరిగొచ్చేసరికి పర్సులోంచి పోయిన మొత్తం.

సరుకులు, గ్యాస్ కలిపి ఇంట్లో ఒకరి భోజనానికి అయ్యే ఖర్చును 1 అనుకోండి. బఫే పెద్దలకు 3, పిల్లలకు అందులో సగం అయితే నలుగురికీ 9. ఇంట్లో 4తో అయిపోతుంది కాబట్టి తేడా 5 అనిపిస్తుంది. దీనికి కూల్‌డ్రింకులు 3, రానుపోను ఖర్చు 1 కలిపితే మొత్తం 13. అసలు తేడా 9 అన్నమాట. ఏడాదికి 104 సార్లు వెళ్తే 936. అదే పదిహేను రోజులకోసారి వెళ్లి, మంచినీళ్లతో సరిపెట్టుకుంటే తేడా 6కి తగ్గి, 26 సార్లకు 156. మిగిలే 780తో మీ నలుగురికీ ఇంట్లో 195 పూటలు గడుస్తాయి. మీ ఊరి రేట్లు వేసుకుని ఇదే లెక్క ఒకసారి కాగితం మీద పెట్టండి, ఆయనకు వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క మినహాయింపు. ఆ పూట బఫే లేకపోతే మరో హోటల్లో మెనూ చూసి ఆర్డర్ చేసేవాళ్లే అయితే పోల్చాల్సింది ఆ బిల్లుతో. అప్పుడు బఫే కలిసిరావచ్చు. కాకపోతే ఆర్డర్ చేసినదాంట్లో మిగిలింది కట్టించుకుని తెచ్చుకోవచ్చు, బఫేలో అది కుదరదు. కొన్నిచోట్ల ప్లేట్లో వదిలేస్తే అదనంగా వసూలు చేస్తారు కూడా.

కార్డు సంగతి ఇంకా ముఖ్యం. పాత బాకీ పూర్తిగా కట్టకపోతే చాలా కార్డుల్లో కొత్త ఖర్చుకు వడ్డీ లేని గడువు పోతుంది. నిన్న తిన్న నూడుల్స్‌కి వడ్డీ నిన్నటి నుంచే మొదలవుతుంది. బాకీ తీరేదాకా బఫేకి నగదే ఇవ్వండి, మిగిలిన డబ్బు నేరుగా కార్డుకే కట్టండి.

వెళ్లినప్పుడు మధ్యాహ్నమే వెళ్లండి. చాలా బఫేల్లో రాత్రి కంటే రేటు తక్కువ, వంటకాల్లో పెద్ద తేడా ఉండదు. కౌంటర్ మొదట్లో ఫ్రైడ్ రైస్, నూడుల్స్, స్ప్రింగ్ రోల్స్ కనిపిస్తే ఆగకుండా ముందుకెళ్లి అన్నీ చూసి రండి. కడుపు త్వరగా నింపేవీ, వాళ్లకు తక్కువలో అయ్యేవీ అవే. వండిన అన్నం 100 గ్రాముల్లో ప్రోటీన్ 3 గ్రాముల లోపే. సోయా పాలతో చేసే పనీర్ లాంటి గట్టి టోఫులో దానికి కొన్ని రెట్లు ఉంటుంది. టోఫు, పుట్టగొడుగులు, గోధుమలోని ప్రోటీన్ అయిన గ్లూటెన్‌తో చేసే సైటాన్, ఆవిరి డంప్లింగ్స్ ఇంట్లో చేయాలంటే ఖర్చో శ్రమో ఎక్కువ. ఇచ్చిన డబ్బుకు విలువ వాటిలోనే ఉంది.

ఇక ‘గిట్టుబాటు’ కోసం మూడో ప్లేటు వద్దు. లోపలికి వెళ్లాక ఎంత తిన్నా కట్టిన డబ్బు వెనక్కి రాదు. 2017లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న రిచర్డ్ థేలర్ ఏళ్ల తరబడి పరిశీలించిన పొరపాట్లలో ఇదీ ఒకటి: ఎలాగూ పోయిన డబ్బును చూసి తర్వాతి నిర్ణయం తీసుకోవడం.

ట్రేలను కూడా గమనించండి. వేడి పదార్థాలను 60 డిగ్రీల సెల్సియస్ పైనే ఉంచాలి. సాస్ మీద తొక్క కట్టినా, ట్రే అంచుల్లో అన్నం ఎండిపోయినా, పొగలు రాకపోయినా అది చాలాసేపటి కిందటిదే. గోరువెచ్చగా ఉండిపోయిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విషం తయారుచేస్తుంది, మళ్లీ వేడిచేసినా అది పోదు. పిల్లలకు వాంతులు పట్టుకుంటే డాక్టరు బిల్లు ముందు బఫే ఆదా ఏ మూలకూ రాదు. అందుకే కౌంటర్ తెరిచిన మొదటి గంటలో తినండి.

పిల్లల్లో ఒకరు సగం రేటు వయసు దాటగానే నలుగురి బఫే రేటు 9 కాస్తా 10.5 అవుతుంది. ఆ రోజు ఈ లెక్క మళ్లీ వేయండి.